దౌరా సాహెబు ఎంచిన కూరగాయలు

ఏ కూరలో బలం ఉంది, ఏ పండులో బలం ఉంది అని పట్నంలో పెద్ద పెద్ద డాక్టర్లు తలలు పట్టుకొని కూర్చున్నారట. గాజు గొట్టాల్లో వంకాయ ముక్కలు వేసి మసలబెట్టి చూస్తున్నారట. పాపం, ఎందుకండీ అంత శ్రమ? మా ఊరి చావడికి వచ్చి ఒక్క పూట కూర్చుంటే తేలిపోయే సంగతి!

నేను గట్టిగా చెబుతున్నాను. ఊళ్ల మీద దౌరా తిరిగే అధికారులను మించిన ఆరోగ్య శాస్త్రజ్ఞులు ఈ రాజ్యంలో లేరు. దౌరా అంటే బాధ అనీ, పీడ అనీ గొణిగేవాళ్లు కొందరున్నారు. వాళ్లకు తమ మేలు తమకు తెలియదు. దౌరా ఊరికి ఒక వరం!

ఎట్లా అంటారా? వినండి.

సాహెబు వచ్చే రెండు రోజుల ముందు చిట్టీ వస్తుంది. పటేలు దాన్ని చావడిలో నిలబడి చదువుతాడు. చావడి పని చూసే దుర్గయ్య దాన్ని వాడ వాడకూ చెబుతాడు. లేత బెండకాయలు ఇన్ని, నల్ల వంకాయలు ఇన్ని, గాజర్లు, అదే క్యారెట్ గడ్డలు, టమాటలు, పాలకూర, జామపండ్లు, నిమ్మకాయలు. కోళ్లు, గుడ్లు, పాలు, వంటకట్టెలు కూడా ఉంటాయనుకోండి. కాని నేటి మన విషయం పండ్లు, కూరగాయలు గనుక కోళ్ల జోలికి నేను పోను. వాటి జోలికి వెళ్లవలసినవారు ముందే వెళ్లారు.

ఇరవై ఏళ్లుగా ఈ చిట్టీలు వింటున్నాను. ఒక్కదానిలోనైనా ముదిరిన బెండకాయ ఉందా? పుచ్చు వంకాయ ఉందా? పురుగు కొట్టిన జామపండు ఉందా? లేదు! ఏ కాలేజీలో చదివారో గాని, తోటలోకి అడుగు పెట్టకుండానే తోటలో ఏది మేలైనదో పది మైళ్ల అవతలి నుంచి చెప్పగలరు. మా ఊళ్లో పుట్టి, మా మట్టిలో పొర్లి, అరవై ఏళ్లు సేద్యం చేసిన ముసలివాళ్లకే ఆ విద్య పట్టుబడలేదు.

కనుక పోషకాహారాన్ని ఎంచుకొనే పద్ధతి ఇదీ. ఊళ్లో నుంచి ఏది పోయిందో చూడండి. బలం దానిలో ఉంది. ఊళ్లో ఏది మిగిలిందో చూడండి. దానిలో లేదు. ఇంతకన్న తేలికైన శాస్త్రం ఉంటుందా?

పట్నంవాళ్లను చూస్తే నాకు జాలి. అంగడికి పోయి, అది కొందామా ఇది కొందామా అని గంటసేపు తచ్చాడతారు. మాకు ఆ తలనొప్పి లేదు. చిట్టీ వచ్చి పోయాక ఇంట్లో జొన్న గటక, చింతపులుసు, ఎండుమిరపకాయ మిగులుతాయి. పులుసు ఒక్క తీరుగానే ఉంటుంది. ఎంచుకోవలసిన పనే లేదు! మా ఆడవాళ్ల బుర్రలు ఎంత తేలికగా ఉన్నాయో చెప్పలేను.

ఇంకొక మేలు కూడా ఉంది. మంచి తిండి ఒక్కటే చాలదు, దానికి తోడు వ్యాయామం ఉండాలని డాక్టర్లు అంటారు కదా? ఆ ఏర్పాటు కూడా దౌరాలోనే ఉంది. క్యాంపు ఒక్కోసారి రెండు కోసుల దూరంలో పడుతుంది. కూరగాయల గంప నెత్తిన పెట్టుకొని అంత దూరం నడవడం చిన్న వ్యాయామమా? తిండి సాహెబుది, వ్యాయామం మాది. ఇద్దరినీ కలిపి చూస్తే ఒక సంపూర్ణ ఆరోగ్యవంతుడు!

వెట్టి చేయించుకోరాదని సర్కారు ఫర్మానా ఉంది కదా అని సిద్దిపేటలో ఒక వకీలు గుమాస్తా నన్ను అడిగాడు. ఉంది. ఎందుకు లేదు? ఆ ఫర్మానా చదివి వినిపించడానికి వచ్చినవారికి కూడా కూరగాయలు మేమే ఇచ్చాం.

ఇంతగా మెచ్చుకుంటున్న నేను ఒక ఉదాహరణ కూడా చూపించాలి కదా. మా పోశయ్య సంగతి చెబుతాను.

పోశయ్యది వాగు పక్కన బావి తోట. మా చుట్టుపట్ల అంతటి చేయి లేదు. అతను నాటిన గాజరు మోచెయ్యంత దిగుతుంది. అతని పాలకూర ఆకు విస్తరిగా వేసుకోవచ్చు. తోటలో ఒక్కటే బొప్పాయి చెట్టు, అది కూడా ఊరు మొత్తానికి ఒక్కటే. అంత తోట పండించే పోశయ్య ఏం తింటాడు? మేమందరం తినేదే. గటక, పులుసు.

మొన్నటి ఎండాకాలం నుంచి పోశయ్యకు రేచీకటి పట్టుకుంది. పగలు బాగానే ఉంటాడు. పొద్దు వాలిందంటే కళ్ల ముందు దుప్పటి కప్పినట్టే. మోట కొట్టి నీళ్లు తోడేవాడికి పొద్దు వాలిందని పని ఆగదు కదా? ఎడ్లకు దారి తెలుసు గనుక వాటి వెంట నడుస్తాడు. పని కాగానే ఎద్దు తోక పట్టుకొని ఇల్లు చేరతాడు.

ఒకనాటి సందె చీకటిలో ఎద్దు బెదిరి పక్కకు జరిగింది. పోశయ్య కాలు బావి ఒరమీద జారింది. మోట తాడు చేతికి దొరికింది గనుక ఇవాళ అతని గురించి రాస్తున్నాను. దొరకకపోతే వేరే సంగతి రాసేవాణ్ణి.

మరునాడే అతని భార్య లచ్చవ్వ బండి కట్టించి సిద్దిపేట దవాఖానకు తీసుకుపోయింది. సాయానికి నేనూ పోయాను. డాక్టరు మంచివాడు. కంటి రెప్ప ఎత్తి చూశాడు.

"మందు నా దగ్గర లేదమ్మా. మందు తోటలో ఉంది. గాజర్లు, పాలకూర, పండిన బొప్పాయి బాగా పెట్టు. చూపు మళ్లీ వస్తుంది. అశ్రద్ధ చేస్తే మాత్రం పగటి చూపు కూడా పోతుంది."

"గవన్ని మా తోటలనే కాస్తయి దొరా."

"మరింకేం? తినుమను."

"ఇన్నేండ్లకు తినుమన్నది మీరొక్కలే దొరా," అంది లచ్చవ్వ.

డాక్టరు నవ్వాడు. ఆమె పరాచికమాడిందనుకున్నాడు.

ఇంటికి వచ్చీ రాగానే లచ్చవ్వ బొప్పాయి చెట్టు నుంచి కాస్త రంగు తిరిగిన కాయ ఒక్కటి దోటితో కోసింది. మిగిలినవి ఇంకా గోళీలంతే ఉన్నాయి. ఆ కాయను అటుక మీద వరిగడ్డిలో దాచింది. పోశయ్య రోజూ అడిగేవాడు.

"పండిందా లచ్చీ?"

"పండుతది తియ్. దినాం పిసికి పిసికి సూస్తె పండక ముందే మురుగుతది."

నాలుగు రోజులు గడిచాయి. ఈలోగా చిట్టీ వచ్చి తోటలో గాజర్లు, పాలకూర ఊడ్చుకుపోయింది. అయిదో రోజున దౌరా వచ్చింది.

ఈసారి దౌరాతో పాటు కొత్త మనిషి వచ్చాడు. పేరు విశ్వేశ్వర్. పల్లె జనానికి పోషకాహారం మీద లెక్చర్ ఇవ్వడం ఆయన నౌకరీ. ప్రపంచ లడాయి అయిపోయింది, జనం బలహీనపడ్డారు, వాళ్లకు మంచి తిండి తినడం నేర్పాలని పైవాళ్లకు తోచింది. చూశారా! మాకు తినడం రాదని కూడా వాళ్లే కనిపెట్టారు.

పొద్దు కొంత వాలాక చావడిలో మీటింగ్ పెట్టారు. గోడకు రంగుల పటం వేలాడదీశారు. దాని మీద ఎర్రవి, పచ్చవి, నారింజ రంగువి ఎన్నో పండ్లు. ముందు వరుసలో పోశయ్యను కూర్చోబెట్టారు, తోట మనిషి గనుక. నేను స్తంభానికి ఆనుకొని కూర్చున్నాను.

విశ్వేశ్వర్ బాగా మాట్లాడాడు. ఆ మాట ఒప్పుకోవాలి. పండ్లలో, కూరల్లో విటమిన్ అనేది ఒకటి ఉంటుందన్నాడు. అది కంటికి కనబడదు, చేతికి చిక్కదు, కాని ఉన్నదని నమ్మాలి అన్నాడు. మాకు వెంటనే అర్థమైంది. కంట్రోలు దుకాణంలో ఇచ్చే చక్కెర కూడా అంతే కదా!

తరువాత జేబులో నుంచి ఒక కాగితం తీశాడు.

"ఇప్పుడు అన్నిటికన్న బలమైనవాటి పేర్లు చదువుతాను. శ్రద్ధగా వినండి. గాజర్లు! పాలకూర! టమాటలు! జామపండ్లు! నిమ్మకాయలు! పండిన బొప్పాయి!"

మొదటి పేరు చదవగానే వెనుక వరుస లేచింది. రెండో పేరుకు నడిమి వరుస లేచింది. నిమ్మకాయల దాకా వచ్చేసరికి చావడిలో పోశయ్య కాక ముసలివాళ్లం నలుగురం మిగిలాం. అందరూ తలలు వంచుకొని ఇళ్లకు, తోటలకు నడిచారు.

మా చావడిలో నిలబడి ఇరవై ఏళ్లుగా ఎవరు ఏ కాగితం చదివినా దానికి ఒకటే అర్థం. పేర్లు వినాలి, తేవాలి, పెట్టాలి. అందులో తప్పేముంది?

దుర్గయ్య పోశయ్య భుజం తట్టాడు.

"పోశన్నా, ఆఖరు పేరు నీదే. ఊర్ల ఇంకెవ్వల తాన లేదు."

"రెండొద్దుల కింద చిట్టీల గాజర్లు, పాలకూర ఇస్తినిగదరా."

"గది పాత కాగితం. గిది కొత్తది."

పోశయ్య లేచాడు. వాళ్ల ఇల్లు చావడికి ఎదురుగానే ఉంది గనుక లోపలి మాటలు మాకు వినిపిస్తూనే ఉన్నాయి.

"అటుకెందుకు ఎక్కుతున్నవ్?"

"పండు దించుత."

"పండిందని ఎవలు చెప్పిన్రు నీకు?"

"కాగితంల సదివిన్రు లచ్చీ."

"అది మందు! నీ కండ్ల మందు! కాగితంల నీ పేరు సదివిన్రా, పండు పేరు సదివిన్రా?"

"రెండొక్కటే గదనే," అన్నాడు పోశయ్య.

కాసేపటికి పండు పట్టుకొని వచ్చాడు. పసుపుపచ్చగా, ముచ్చటగా పండింది. వాసన చావడి అంతా నిండింది. అప్పటికే గంపలు ఒక్కొక్కటే వచ్చి దిగుతున్నాయి. విశ్వేశ్వర్ కళ్లలో నీళ్లు తిరిగాయి. దుఃఖంతో కాదు, సంతోషంతో!

"ఎన్నో ఊళ్లు తిరిగాను. ఇంత చైతన్యం ఎక్కడా చూడలేదు! చెప్పిన మరుక్షణం ఆచరణలో పెట్టారు!" అని పటేలు చెయ్యి పట్టుకొని ఊపాడు. పటేలుకు ఏమీ అర్థం కాలేదు గాని, చెయ్యి ఊపాడు.

ఆయన బొప్పాయిని ఎత్తి అందరికీ చూపించాడు.

"ఇటువంటివి తినకపోతే రేచీకటి వస్తుంది. మీలో ఎవరికైనా ఉందా?"

ఊరు ఊరంతా పోశయ్య వైపు చూసింది. ఆయన పోశయ్యను రమ్మని తన పక్కన నిలబెట్టుకున్నాడు. ఒక చెయ్యి పోశయ్య భుజం మీద వేశాడు. రెండో చేతిలో బొప్పాయి.

"చూడండి! ఇదీ జబ్బు. ఇదీ మందు!"

ఇంత చక్కని లెక్చర్ నేను జన్మలో వినలేదు. జబ్బూ, మందూ జానెడు దూరంలో నిలబడ్డాయి. సరిగ్గా అప్పుడే దౌరా సాహెబు షికారు ముగించుకొని చావడి ముందు గుర్రం దిగాడు. గంపలను చూశాడు. మొహం వెలిగింది. "బహుత్ అచ్ఛా!" అన్నాడు. వెంటనే క్యాంపుకు పంపమన్నాడు.

పండు గంపలో పడింది. పోశయ్య మిగిలాడు.

విశ్వేశ్వర్ మొహం తెల్లబోయింది. దుర్గయ్యను పక్కకు పిలిచాడు.

"ఇవన్నీ ఎందుకు తెచ్చారయ్యా? నేను తినమన్నాను గాని తెమ్మనలేదే!"

దుర్గయ్య చేతులు కట్టుకున్నాడు. "కాగితం సదివినంక తెచ్చుడే గద సారు. తినుమని కాగితం వచ్చుడు మేమెన్నడు సూడలె."

ఆయన పటం చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

గంపలు మోసే వంతు ఆనాడు మా వాడకట్టుది. నాకూ ఒక గంప వచ్చింది, పోశయ్యకూ ఒకటి వచ్చింది. క్యాంపు ఊరవతల మామిడి తోపులో ఉంది. పొద్దు గుట్టల వెనక్కు దిగుతోంది. పోశయ్య నెత్తిన గంప, గంపలో అందరి కూరగాయల మీద అతని బొప్పాయి. అతని చేతిలో కర్ర ఒక కొస, ముందు నడిచే లచ్చవ్వ చేతిలో రెండో కొస. దవాఖానలో రోగి దగ్గరికి మందు రావడం చూశాం. రోగే మందును నెత్తిన పెట్టుకొని, కళ్లు కనబడక తడుముకుంటూ, ఇంకొకరికి అందించడానికి పోవడం ఏ దేశంలోనైనా ఉందా? అంతటి త్యాగబుద్ధి మాకు ఎవరు నేర్పారు? దౌరా!

విశ్వేశ్వర్ కూడా క్యాంపుకే పోవాలి గనుక మా పక్కన నడుస్తున్నాడు. లచ్చవ్వ తల తిప్పకుండానే అడిగింది.

"సారూ, ఒక్క మాట అడుగుత. కోపం జేసుకోరు గద?"

"అడుగమ్మా."

"గా ఇటమిన్ అనేటిది సాహెబు ముట్టని దాంట్ల ఏమన్న ఉంటదా?"

తోపులో గుడారం ముందు అప్పుడే లాంతరు వెలిగించారు. విశ్వేశ్వర్ దాని వైపు చూశాడు. నడక మెల్లగా చేశాడు. ముందు గంపలవాళ్లు దూరం పోయేదాకా ఆగాడు. అప్పుడు గొంతు తగ్గించి ఒక ఆకు పేరు చెప్పాడు.

"గదా!" లచ్చవ్వ నిలబడిపోయింది. కర్ర ఆగేసరికి పోశయ్యా నిలబడ్డాడు. "గది గట్ల పొంటి ఎవ్వలు పీకక పడి ఉంటది గద సారూ! మేకలు గూడ మనసు పడితెనే తింటయి!"

"అదే. రోజూ రెండు గుప్పిళ్లు కోసి, కాస్త నూనె వేసి వండిపెట్టు. నెల రోజులు మానకు. ఆ బొప్పాయికి ఏమీ తీసిపోదు." కొంచెం తటపటాయించాడు. "నేను చెప్పానని మాత్రం..."

"నువ్వు చెప్పలె. నేనినలె," అంది లచ్చవ్వ.

వాళ్ల వెనుక గంప మోస్తున్న మనిషికి చెవులు ఉంటాయని ఇద్దరికీ తోచలేదు.

ఆ రోజు నుంచి పోశయ్య ఇంట్లో అదే కూర. పప్పులో అదే, పులుసులో అదే, ఒట్టిగా అదే. "నన్ను గూడ మేకను జేసినవు గదనే," అని అతను ఏడుపు మొహం పెట్టేవాడు. "మేకకు మాపటీలి కండ్లు కనవడ్తయి. నీకు కనవడ్తయా? తిను," అనేది ఆమె. ఇరవై రోజులకు ఎద్దు తోక వదిలాడు. నలభై రోజులకు బావి ఒర మీద ఒంటరిగా నిలబడి, పొద్దుగూకినాక మోట తాడు ముడి తనే విప్పాడు. ఆనాడు లచ్చవ్వ ఎవరికీ కనబడకుండా పెరట్లోకి పోయి ఏడ్చింది.

ఇంత ఓపికగా చదివారు కదా, ఇక ఆ ఆకు పేరు చెప్పమని మీరు అడుగుతారు. న్యాయమే. పోషకాహారం ఎంచుకోవడం మీద రాసి, తీరా అన్నిటికన్న మంచిదాని పేరు మింగడం ఏం మర్యాద?

చెప్పను.

ఎందుకంటే ఈ పేపరు మీరొక్కరే చదవరు. క్యాంపుకూ పోతుంది. సాహెబు గుడారంలో పొద్దుటి చాయ్ తాగుతూ చదువుతాడు. ఈ వరుస మీద ఆయన కన్ను పడిందంటే, వచ్చే చిట్టీలో మొదటి పేరు అదే! రెండు గంపలు, లేతవి, మంచు ఆరకముందే కోసినవి! ఇరవై ఏళ్లలో మాకు మిగిలిన బలం అదొక్కటి. దాన్ని నా చేతులతో నేను రాసి ఇవ్వను. మీ ఇంట్లో ఎవరికైనా రేచీకటి ఉంటే మా ఊరికి రండి. చేతిలో కాగితం మాత్రం లేకుండా రండి. లచ్చవ్వ మీ మొహం చూసి, నమ్మకం కుదిరితే చెవిలో చెబుతుంది.

దౌరా మేలు చాలా చెప్పాను. చివరికి ఒక చిన్న చిక్కు వచ్చిపడిందని కూడా చెప్పకపోతే అబద్ధమాడినవాణ్ణి అవుతాను.

పోయిన వారం మళ్లీ దౌరా వచ్చింది. చిట్టీలో వంకాయలు ఒక గంప అని ఉంది. పోశయ్య పగలే ఇచ్చేశాడు. పొద్దుగూకాక దుర్గయ్య ఇంకొక గంప పట్టుకొని చప్పుడు కాకుండా తోటలో దిగాడు. ఈ ఏడాదంతా ఇదే వాడుక. పోశయ్యకు ఆ వేళకు కళ్లు కనబడవనే ఊళ్లో అందరూ ఇంకా అనుకుంటున్నారు, క్యాంపులోనూ అదే అనుకుంటున్నారు. నేను బావి దగ్గర కాళ్లు కడుక్కుంటున్నాను. గంప సగం నిండింది.

"దుర్గా, గంప కింద పెట్టు," అన్నాడు పోశయ్య మోట దగ్గర నుంచే.

దుర్గయ్య గతుక్కుమన్నాడు. "నేనని ఎట్ల ఎరుకైంది పోశన్నా?"

"కనవడుతున్నవ్. నీ ఎనుక కంచె కాడ కూసున్న సాహెబు బంట్రోతు గూడ కనవడుతుండు. లేవుమను, గాడ ముండ్లున్నయి."

కంచె దగ్గర ఏదో లేచింది. దుర్గయ్య గంప దించాడు. వంగి వంకాయలన్నీ మట్టి మీద పోశాడు. ఖాళీ గంప చంకన పెట్టుకొని, పోనూ లేక ఉండనూ లేక నిలబడ్డాడు.

"ఒట్టి చేతులతోని పోతె సాహెబుకు ఏమని చెప్పాలె పోశన్నా?"

పోశయ్య ఎడ్లను వెనక్కు మళ్లించాడు.

"పోశయ్యకు కండ్లొచ్చినయని చెప్పు."